ఫర్నేస్ వాసనల వేట: ఒక చలికాలపు డైరీ

ఇల్లు మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. 1980లలో కట్టింది. రెండంతస్తులు, కింద బేస్‌మెంట్. అందులోనే ఇంటికి వేడిగాలి పంపే గ్యాస్ ఫర్నేస్, దాని పక్కన 50 గ్యాలన్ల గ్యాస్ వాటర్ హీటర్, ఓ మూల ఎవరూ వాడని చిన్న బాత్రూమ్. మేం కొనేనాటికే పాత ఓనర్ ఫర్నేస్ మార్పించాడు. తెల్లటి పీవీసీ గొట్టాల్లోంచి పక్క గోడ గుండా పొగ బయటికి వదిలే హై ఎఫిషియన్సీ రకం అది. వాటర్ హీటర్ పొగ మాత్రం ఇప్పటికీ పాత ఇటుకల పొగగొట్టంలోంచే పోతోంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పోయిన చలికాలమంతా గదుల్లోకి వేడిగాలి వదిలే వెంట్లలోంచి ఏవో ఒక వాసనలు. ఒక్కోసారి కుళ్లు, ఒక్కోసారి ఘాటు, ఒక్కోసారి ఏమిటో తెలియదు. ఈసారి ప్రతి వాసనా ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలని ఒక నోట్‌బుక్‌ను ఫర్నేస్ పక్కన మేకుకు వేలాడదీశాను. ఎప్పుడు వచ్చింది, ఏ గదిలో వచ్చింది, ఆ సమయానికి ఇంట్లో ఏమేం నడుస్తున్నాయి అన్న మూడూ రాయాలి. మూడోది అందరూ వదిలేస్తారు. చివరికి పని చేసింది అదే.

అక్టోబరు, మొదటి చలి

థర్మోస్టాట్‌ను హీట్‌లోకి మార్చగానే ఇల్లంతా కాలిన దుమ్ము వాసన. ఇది మామూలే. నెలల తరబడి, మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ మీద పేరుకున్న దుమ్ము మొదటి వేడికి మాడుతుంది. కిటికీలు కాస్త తెరిచి కొన్ని గంటలు నడిపితే పోతుంది. మర్నాటికీ పోకపోయినా, ప్లాస్టిక్కో వైరో కాలుతున్న వాసన వచ్చినా లెక్క వేరు. అప్పుడు ఫర్నేస్ పక్కనున్న స్విచ్ ఆపేసి మనిషిని పిలవాల్సిందే. గాలిని గదుల్లోకి నెట్టే బ్లోయర్ మోటారో ట్రాన్స్‌ఫార్మరో వేడెక్కుతూ ఉండొచ్చు. మాది తెల్లారేసరికి పోయింది.

ఫిల్టర్ మార్చాను. 16×25×1 అంగుళాలు, మెర్వ్ 8. ఆ అంకె పెరిగేకొద్దీ ఫిల్టర్ ఇంకా సన్నటి దుమ్ము పడుతుంది. షాపులో మెర్వ్ 13 తీసుకోండి, గాలి ఇంకా శుభ్రంగా ఉంటుందన్నారు. అంగుళం మందం ఫిల్టర్‌లో అంత దట్టమైనది పెడితే గాలి సరిగ్గా ఆడదు. హీట్ ఎక్స్ఛేంజర్ అతిగా వేడెక్కితే లిమిట్ స్విచ్ మంట ఆపేస్తుంది. నాలుగైదు అంగుళాల ఫిల్టర్ పెట్టే అర ఉన్నవాళ్లు 13 గురించి ఆలోచించొచ్చు, మాకు అది లేదు.

ఫిల్టర్ దూర్చే సందుకు మూత లేదు. బ్లోయర్ నడుస్తుండగా చెయ్యి దగ్గర పెడితే బేస్‌మెంట్ గాలిని లోపలికి గుంజుకోవడం తెలుస్తోంది. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

అక్టోబరు చివర, అమ్మ తెనాలి నుంచి వచ్చాక

పొద్దున్నే కాఫీ గ్లాసుతో హాల్లో నిలబడి, "ఒరేయ్, గ్యాసు వాసన వస్తోందిరా" అంది. నాకు మొదట తెలియలేదు. ముక్కు ఒక వాసనకు అలవాటు పడితే పట్టించుకోవడం మానేస్తుంది, కొత్తగా వచ్చినవాళ్ల ముక్కునే నమ్మాలి. వెంట్ దగ్గరికి వంగితే అవును, కుళ్లిన కోడిగుడ్డు వాసన.

అమ్మ అప్పటికే కిటికీ తీయబోతోంది. మన దగ్గర నేర్పింది అదే కదా. రెగ్యులేటర్ ఆపు, తలుపులు తెరువు, స్విచ్‌లు ముట్టుకోకు, 1906కు ఫోన్ చెయ్యి. సిలిండర్ గ్యాసు గాలికంటే బరువు, నేలబారున పరుచుకుంటుంది. ఇక్కడ పైపులో వచ్చేది ప్రధానంగా మీథేన్, గాలికంటే తేలిక, పైకి పోతుంది. పైగా ఇక్కడ కట్టేయడానికి చేతికందే సిలిండర్ లేదు, వీధిలోంచి వస్తూనే ఉంటుంది. అందుకే ఇక్కడి పద్ధతి ఒక్కటే: లోపల దేన్నీ ముట్టుకోకుండా, ఫోన్ కూడా లోపల వాడకుండా బయటికి వెళ్లిపోయి, దూరంగా నిలబడి గ్యాస్ కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకో 911కో చెప్పడం. మేం రోడ్డు అవతల నిలబడి చేశాం. అమ్మ చీర మీద నా జాకెట్ వేసుకుని, "స్టవ్ మీద పాలు లేవు కదా?" అని అడుగుతూనే ఉంది.

గ్యాసు లీకైతే వచ్చే వాసన నిజానికి గ్యాసుది కాదు, అందులో కలిపే మెర్కాప్టాన్ అనే గంధకపు పదార్థానిది. 1937 మార్చి 18న టెక్సస్‌లోని న్యూ లండన్ స్కూల్లో, నేల కింద చేరిన వాసన లేని గ్యాసు పేలి దాదాపు 300 మంది పోయారు. ఎక్కువ మంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాసుకు వాసన కలపాలని టెక్సస్‌లో చట్టం చేశారు. గాలిలో మీథేన్ సుమారు 5 శాతానికి చేరితే పేలే ప్రమాదం మొదలవుతుంది. అందులో ఐదో వంతు ఉన్నా మామూలు మనిషి ముక్కుకు తెలియాలన్నది ఇప్పుడు అమెరికా అంతటా ఉన్న నిబంధన. అంటే వాసన వచ్చిందంటే పేలే స్థాయి దాటిపోయిందని కాదు, తప్పుకోవడానికి టైమ్ ఉందని.

కంపెనీ నుంచి వచ్చినాయన డిటెక్టర్ పట్టుకుని మీటర్ నుంచి మొదలుపెట్టి, ప్రతి జాయింటూ, డ్రయ్యర్ వెనకా, స్టవ్ కిందా, ఫర్నేస్ గ్యాస్ వాల్వ్ దగ్గరా తిప్పాడు. ఎక్కడా ఏమీ లేదు. తర్వాత బేస్‌మెంట్ బాత్రూమ్ తలుపు తీసి ఒక్కసారి గాలి పీల్చి నవ్వాడు. షవర్ ట్రాప్ ఎండిపోయిందన్నాడు.

షవర్ కింద వంపు తిరిగిన గొట్టంలో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉండాలి. మురుగు గొట్టంలోని గాలిని ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. వాడకపోతే ఆవిరైపోతాయి. మురుగు గాలిలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్‌దీ అదే కోడిగుడ్డు వాసన. రెండూ గంధకం సంబంధమే కాబట్టి ముక్కుతో తేడా చెప్పగలనని ధీమాగా ఉండకూడదు. ఇంగువ ఘాటు కూడా గంధకం చలవే. మా ఇంట్లో పప్పులో ఇంగువ పడని రోజు లేదు, కాబట్టి ఈ ఇంటి ముక్కుల సాక్ష్యానికి విలువ ఇంకాస్త తక్కువ.

షవర్‌లో చెంబుడు నీళ్లు, పైన ఒక గరిటెడు మినరల్ ఆయిల్ పోశాను. నూనె నీటిమీద తేలి ఆవిరి కాకుండా చూస్తుంది. సాయంత్రానికి వాసన లేదు.

నన్ను తొలిచింది ఇంకో ప్రశ్న. షవర్ ఓ మూల ఉంది, వాసన పై అంతస్తు హాల్లోకి వెంట్‌లోంచి ఎలా వచ్చింది?

నవంబరు

ఫర్నేస్ ముందు చిన్న స్టూలేసుకుని కూర్చున్నాను. పక్కన నోట్‌బుక్. కిందనున్న చిన్న గాజు కన్నంలోంచి మంట కనిపిస్తుంది. వాసనల సంగతి తేల్చాలనుకునేవాళ్లు ముందు ఇది ఒకసారి చూడాలి.

థర్మోస్టాట్ అడగ్గానే ముందు లేచేది ఇండ్యూసర్ అనే చిన్న ఫ్యాను. సన్నగా గుయ్యిమంటుంది. పొగ దారి తెరిచి ఉందని అది ఊది చూస్తుంది. ఉందని తేలితే ప్రెషర్ స్విచ్ కలిసి, ముందుకు సాగమంటుంది. తర్వాత ఇగ్నైటర్ నారింజ రంగులోకి వెలుగుతుంది. కొన్ని సెకన్ల తర్వాత గ్యాస్ వాల్వ్ టక్కున తెరుచుకుంటుంది, మంట ఒక బర్నర్ నుంచి పక్కదానికి, దాన్నుంచి ఆ పక్కదానికి పరిగెత్తుతుంది. నీలంగా, నిటారుగా ఉండాలి. మంట నిజంగా ఉందని ఫ్లేమ్ సెన్సర్ అనే సన్నటి కడ్డీ నిర్ధారిస్తుంది. మంటలోంచి పారే అతి సన్నటి కరెంటు, కొన్ని మైక్రోయాంప్‌లు మాత్రమే, దానికి ఆధారం. అది అందకపోతే బోర్డు గ్యాసు కట్టేస్తుంది. ఇవన్నీ అయ్యాక, దాదాపు అర నిమిషం ఆగి, పెద్ద బ్లోయర్ లేస్తుంది. అప్పుడు కానీ గదుల్లోకి గాలి రాదు.

వాసన ఇందులో ఏ మెట్టు మీద వచ్చిందన్నది చూసుకోవాలి. వాల్వ్ తెరుచుకున్నాక మంట ఆలస్యంగా ధబ్బుమని అంటుకుని, ఆ ముందు ఒక్క క్షణం గ్యాసు వాసన వస్తే బర్నర్లు తుప్పు పట్టి ఉండొచ్చు. మంట వెలిగాక కళ్లు మండే ఘాటు వస్తే గ్యాసు సరిగ్గా కాలడం లేదు, లేదా పొగ ఎక్కడో ఇంట్లోకి వస్తోంది. ఈ రెంటిలో ఏదైనా సరే ఫర్నేస్ ఆపి టెక్నీషియన్‌ను పిలవాలి. స్క్రూడ్రైవర్ తీసుకుని మనం దిగే పని కాదు. బ్లోయర్ లేచాకే వస్తే అది మంటకు సంబంధించింది కాకపోవచ్చు.

మా నోట్‌బుక్‌లో ఉన్న వాసనలన్నీ బ్లోయర్ లేచాక వచ్చినవే.

ఫర్నేస్ బ్లోయర్ ఊళ్లో చాటింపు వేసే మనిషి లాంటిది. వార్త దానిది కాదు, ఎవరిదో తెచ్చి ఇంటింటికీ చెబుతుంది. బేస్‌మెంట్‌లో ఉన్న ఏ వాసనైనా మూత లేని ఫిల్టర్ సందులోంచీ, గదుల గాలిని తిరిగి ఫర్నేస్‌కు తెచ్చే రిటర్న్ డక్ట్ అతుకుల్లోంచీ లోపలికి పోయి, పడగ్గదిలో తేలుతుంది. మనం తిట్టేది ఫర్నేస్‌ను. అంతే కాదు, ఆ లీకుల వల్ల బేస్‌మెంట్‌లో గాలి ఒత్తిడి కాస్త తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి గాలి ఎటు వీలైతే అటు నుంచి వస్తుంది. ట్రాప్ ఎండిన షవర్ అలా ఒక దారి. అప్పుడు నేను రాసుకున్న మాట: ఇంకో దారి ఏది?

డిసెంబరు

లీకులు మూసే పని. ఫిల్టర్ సందుకు అయస్కాంతపు పట్టీ మూత పెట్టాను. రిటర్న్ డక్ట్ అతుకులకు అల్యూమినియం ఫాయిల్ టేపు, వంకర టింకర చోట్ల బ్రష్‌తో మాస్టిక్ అనే చిక్కటి ముద్ద. బూడిద రంగు గుడ్డ డక్ట్ టేప్ జోలికి పోలేదు. 1998లో లారెన్స్ బర్కిలీ ల్యాబ్ వాళ్లు పరీక్షిస్తే డక్ట్‌ల మీద నిలబడనిది అదేనని తేలింది. మాస్టిక్ చేతులకు అంటితే అంత తేలిగ్గా వదలదు. గోళ్లలో బూడిద రంగుతోనే ఆఫీసుకెళ్లాను.

గాలికి తేమ చేర్చే హ్యూమిడిఫైయర్ ప్యాడ్ కూడా మార్చాను, పాతది సున్నం కట్టి ముక్కిన వాసన కొడుతోంది. అదంతా పావుగంట పని.

ఫర్నేస్ పక్కన పెట్టిన పెయింట్ డబ్బాలు, బ్లీచ్ సీసాలు గ్యారేజీలోకి పంపాను. ద్రావకాల ఆవిరి మంటలోకి పోతే వింత ఘాటు వాసనలు పుడతాయి, బ్లీచ్ ఆవిరి హీట్ ఎక్స్ఛేంజర్‌ను తినేస్తుంది. చాలా తెలుగు ఇళ్లలో బేస్‌మెంట్ అంటే సామాన్ల గది, ఫర్నేస్ చుట్టూ బియ్యం బస్తాల నుంచి రంగు డబ్బాల దాకా అన్నీ ఉంటాయి. బియ్యం సరే, మిగతావి తీసేయండి.

జనవరి, సంక్రాంతి

అమ్మ అరిసెలు వేస్తోంది. పాకం, తడిపిండి, నూనె. పొయ్యి మీది పొగను బయటికి లాగే వంటింటి హుడ్ ఫుల్ స్పీడ్‌లో ఉంది. మన పోపులకు తట్టుకోవాలని ఇల్లు కొన్న ఏడాదే పెట్టించిన 900 సీఎఫ్ఎం హుడ్ అది, అంటే నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలి లాగుతుంది. బయట మంచు, కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. డ్రయ్యర్ నడుస్తోంది. మా ఆవిడ గిన్నెలకు వేడినీళ్లు వదిలింది.

పైన పడగ్గది వెంట్‌లోంచి కొత్త వాసన. చెమ్మగా, ఘాటుగా, కళ్లల్లో పొడుచుకునేలా ఉంది. అరిసెల నూనె వాసన కాదు. బేస్‌మెంట్‌లో పెట్టిన, కొద్దిపాటి కార్బన్ మోనాక్సైడ్‌ను (సీఓ) కూడా చూపే మానిటర్‌లో అంకె 30 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 30 పాళ్లు) దాటింది.

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ముక్కుకు తెలిసిన ఘాటు దానితో పాటు వచ్చే మిగతా పొగది. అలారాల ప్రమాణం ప్రకారం 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటల లోపు, 400 దగ్గర నాలుగు నుంచి పదిహేను నిమిషాల లోపు మోగాలి. 30 దగ్గర వెంటనే మోగకూడదు. ఊరికే మోగుతుంటే జనం బ్యాటరీ పీకేస్తారని ఆ ఏర్పాటు. అందుకే గోడ మీది మామూలు అలారం నోరు మెదపలేదు. అలారం మోగలేదు కదా అని ఊరుకోలేం. స్టవ్ కట్టేశాం, హుడ్ ఆపాం, తలుపులు బార్లా తెరిచాం, అమ్మనీ పిల్లల్నీ పక్కింటికి పంపాం. గ్యాస్ కంపెనీకి ఫోన్ చేశాం. సగం వేగిన అరిసె నూనెలోనే ఉండిపోయింది, అమ్మ బాధంతా దాని గురించే.

ఫర్నేస్ పొగ గొట్టాలు బాగానే ఉన్నాయి. పొగ వస్తున్నది వాటర్ హీటర్ నుంచి. దానికి వాడకూడదన్న ఎర్ర ట్యాగు కట్టి గ్యాసు కట్టేసి వెళ్లారు.

మర్నాడు లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ వచ్చాడు. పరీక్ష కోసం వాటర్ హీటర్‌ను తన ఎదుటే వెలిగించి, కిటికీలు మూయించి, హుడ్, డ్రయ్యర్, బాత్రూమ్ ఫ్యాన్లు అన్నీ ఒకేసారి వేయించాడు. ఐదు నిమిషాలు ఆగాడు. పొగ పెట్టి చూడాలి, ఏమైనా ఉందా అంటే పూజగదిలోంచి అగరుబత్తి తెచ్చిచ్చాను. వాటర్ హీటర్ నెత్తిన గొడుగులా ఉండే డ్రాఫ్ట్ హుడ్ అంచున దాన్ని పట్టుకున్నాడు. సన్నటి పొగ తీగ పైకి, గొట్టంలోకి లాగినట్టు పోవాలి. అది బయటికి వంగి నా మొహం మీదికి వచ్చింది. వంటింటి హుడ్ ఆపగానే తడబడి, కాసేపటికి లోపలికి తిరిగింది.

టార్చి వేసి చూపించాడు. డ్రాఫ్ట్ హుడ్ చుట్టూ తుప్పు. వేడినీటి గొట్టం, చన్నీటి గొట్టం మొదట్లో ఉండే ఎరుపు, నీలం ప్లాస్టిక్ రింగులు కరిగి కిందికి జారి గట్టిపడి ఉన్నాయి. పొగ పైకి పోకుండా అక్కడే పొర్లుతోందనడానికి అది గుర్తు. ఇది ఒక్క నిన్నటి పని కాదన్నమాట.

కారణం పాత ఓనర్ మార్పించిన ఫర్నేస్‌లో ఉంది. పాత ఫర్నేస్, వాటర్ హీటర్ రెండూ కలిసి ఆ ఇటుకల పొగగొట్టాన్ని వేడెక్కించేవి. వేడి గొట్టంలో పొగ తనంతట తాను పైకి లేస్తుంది. ఫర్నేస్ పీవీసీ మీదికి మారిపోయాక ఆ పెద్ద చల్లటి గొట్టానికి చిన్న వాటర్ హీటర్ ఒక్కటే మిగిలింది. ఇక్కడి మెకానిక్‌లు దాన్ని అనాథ వాటర్ హీటర్ అనే పిలుస్తారు. దాని పొగకు బలం తక్కువ. పైన 900 సీఎఫ్ఎం హుడ్ ఇంట్లో గాలిని గుంజేస్తుంటే, ఆ గాలి తిరిగి వచ్చే దారుల్లో పొగగొట్టం ఒకటయింది. ఇలా పొగగొట్టం మీద ఆధారపడే గ్యాస్ సామాను ఉన్న ఇంట్లో 400 సీఎఫ్ఎం దాటిన హుడ్ పెడితే బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా ఉండాలని అమెరికా రెసిడెన్షియల్ కోడ్‌లోనే ఉంది. హుడ్ బిగించినవాళ్లు ఆ మాటే ఎత్తలేదు.

ఫిబ్రవరి

దారులు రెండు. పొగగొట్టంలోకి సరైన సైజు అల్యూమినియం లోగొట్టం (లైనర్) దింపడం ఒకటి, ఫ్యాన్‌తో పక్క గోడలోంచి పొగ వదిలే పవర్ వెంట్ వాటర్ హీటర్ పెట్టడం రెండోది. లైనర్ చవక, కానీ ఆ హుడ్‌తో పోటీ అలాగే ఉంటుంది. వాటర్ హీటర్ కూడా పాతదే కాబట్టి పవర్ వెంట్‌కే మొగ్గాను. దానికి పక్కన కరెంటు ప్లగ్ కావాలి, కరెంటు పోతే వేడినీళ్లూ పోతాయి, ఫ్యాను చప్పుడు పైదాకా వినిపిస్తుంది. మా ఆవిడకు ఆ చప్పుడు నచ్చలేదు.

పర్మిట్ తీసుకుని పెట్టించాం. సిటీ ఇన్‌స్పెక్టర్ చూసి వెళ్లాడు. ఆ రాత్రి కిటికీలన్నీ మూసి, ఇంట్లో ఉన్న ప్రతి ఫ్యానూ వేసి, వేడినీళ్లు వదిలి, మానిటర్ పట్టుకుని బేస్‌మెంట్‌లో కూర్చున్నాను. సున్నా కదల్లేదు. పడకగదుల దగ్గరా, ప్రతి అంతస్తులోనూ కొత్త సీఓ అలారాలు పెట్టాం. పాతవాటి వెనక తయారీ తేదీ చూస్తే పదేళ్లు దాటిపోయాయి.

మార్చి

మిగిలిన పని హుడ్‌కు బయటి గాలి తెచ్చే డక్ట్. హుడ్ వేయగానే తెరుచుకునే మోటారు మూతతో (డ్యాంపర్) కొటేషన్లు వస్తున్నాయి. చలికాలం గాలి నేరుగా వంటింట్లోకి వస్తే వంట చేసేవాళ్ల కాళ్లు గడ్డ కడతాయి కాబట్టి హీటర్ కూడా కావాలంటున్నారు, దాంతో ధర రెట్టింపవుతోంది. అది తేలేదాకా హుడ్‌ను రెండో స్పీడ్ దాటించం, వంటింటి కిటికీ బెత్తెడు తెరిచి ఉంచుతాం. షవర్‌లో నీళ్లు పోసే పని నెలకోసారి ఫోన్‌లో రిమైండర్ పెట్టాను. రిటర్న్ డక్ట్‌లో మెట్ల కింద భాగం ఇంకా సీల్ చేయలేదు, అక్కడికి పాకి వెళ్లాలంటే ముందు అమ్మ సూట్‌కేసులు తీయాలి.